పదిమందిలో పాము

పిల్లవాడు గాజుగ్లాసు కింద పడేస్తాడు. వంటింట్లోంచి మనం "ఏమిట్రా ఆ చప్పుడు?" అని కేకేస్తాం. "గ్లాసు పగిలిపోయిందమ్మా" అంటాడు. "పగలగొట్టాను" అని మాత్రం అనడు. ఆ గ్లాసుకేదో జీవితం మీద విరక్తి పుట్టి, బల్ల మీంచి దూకి ప్రాణం తీసుకున్నట్టు చెబుతాడు. ఈ వ్యాకరణం వాడికి ఏ మాస్టారూ నేర్పలేదు. తప్పు చేసిన చోట కర్తను దాచెయ్యాలని నాలుగేళ్ళ వయసుకే తెలిసిపోతుంది కాబోలు.

ఆ పిల్లవాడే పెద్దవాడై ఆఫీసులో చేరితే ఏం రాస్తాడో తెలుసా? "తీర్మానించడమైనది" అని రాస్తాడు.

ఆ మధ్య మా ఊరి మునిసిపల్ కౌన్సిలు సమావేశపు మినిట్సు నకలు ఒకటి నా చేతికి వచ్చింది. మా వీధి మలుపులో చెత్త పోసే చోటు మార్చమని ఆడవాళ్ళం కలిసి ఒక అర్జీ ఇచ్చాం. దాని గతి ఏమైందో చూద్దామని తిరగేశాను. నలభై పేజీలు. ప్రతి అంశం కిందా ఒక్కటే పాట. "ఆమోదించడమైనది." "వాయిదా వేయడమైనది." "రికార్డు చేయడమైనది." మా అర్జీ "తగు చర్య నిమిత్తం పంపడమైనది." ఎవరు ఆమోదించారు? ఎవరు వాయిదా వేశారు? ఎక్కడా కర్త లేడు. నవలలు రాసుకునేదాన్ని, పాత్రలు లేని కథ నా చేత ఒక్క పేజీ రాయించండి చూద్దాం! నలభై పేజీలపాటు మనిషి అలికిడి లేకుండా సంఘటనలు జరిగిపోతుంటే నాకు ఆశ్చర్యం వేసింది. తరువాత కొంచెం భయం కూడా వేసింది.

ఎందుకు భయం అంటారా? మన ఇంటికొచ్చే మంచినీళ్ళు, మన ముందున్న మురుగుకాలువ, మన పిల్లలు నడిచే రోడ్డు, చివరికి మనల్ని తగలబెట్టే శ్మశానం, అన్నీ ఆ నలభై పేజీల్లోనే ఉన్నాయి. ఢిల్లీలో ఏం జరిగిందో పొద్దున్నే పేపర్లో చదివి మనం వాదించుకుంటాం. మన కుళాయిలో నీళ్ళు ఎన్నింటికి రావాలో నిర్ణయించిన మనిషి పేరు మాత్రం మనకు తెలియదు. ఆ మినిట్సు చూస్తే అలాంటి మనిషి అసలున్నాడా అని అనుమానం వస్తుంది.

అంచేత ఒక రోజు పనిగట్టుకుని వెళ్ళి, చూడ్డానికి వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ మీద కూర్చుని కౌన్సిలు సమావేశం మొత్తం చూశాను. నాతో పాటు బెంచీ మీద ఇద్దరు విలేఖరులూ, ఒక కాంట్రాక్టరూ, ఎండకు తాళలేక ఫాను కోసం వచ్చినట్టున్న ఒక ముసలాయనా ఉన్నారు.

ఒక నిర్ణయం ఎలా పుడుతుందో మీకూ చెబుతాను. ముందు ఒక అర్జీయో, ఒక అవసరమో ఉంటుంది. ఇంజనీరుగారు వెళ్ళి కొలిచి అంచనా వేస్తారు. ఫైలు ఒక్కొక్క బల్ల దాటుతూ కమిషనరు దగ్గరికి చేరుతుంది. అక్కడ ఆఫీసు నోటు తయారై, నంబరు పడి, ఎజెండాలోకి ఎక్కుతుంది. పెద్ద కార్పొరేషన్లలో అయితే మధ్యలో స్టాండింగ్ కమిటీ అని ఇంకో మజిలీ ఉంటుంది. ఎజెండా సభ్యులకు ముందుగా అందాలి. వాళ్ళు చదువుకుని రావాలి. సభలో కోరం ఉండాలి. చర్చ జరగాలి. అభిప్రాయం తేలకపోతే చేతులెత్తించాలి. సమానంగా చీలితే అధ్యక్షస్థానంలో ఉన్నవారు తమ ఓటు వేసి తేల్చాలి. వినడానికి ఎంత ముచ్చటగా ఉంది!

ఇందులోనే రెండు దొడ్డిదారులున్నాయి. ఒకటి టేబుల్ ఎజెండా. అంటే ముందుగా పంపకుండా, సభ మొదలయ్యాక బల్ల మీద పెట్టే కాగితాలు. చదవడానికి టైముండదు గనక చదవలేదన్న నింద కూడా ఉండదు. రెండోది, ముందుగా పని చేసేసి తరువాత కౌన్సిలు ఆమోదం పుచ్చుకోవడం. తుఫాను వచ్చినప్పుడో, పైపు పగిలినప్పుడో సమావేశం దాకా ఆగలేరు కదా, దానికోసం పెట్టిన సదుపాయం. కాని తుఫాను లేని నెలల్లో కూడా ఆ జాబితా పొడుగ్గానే ఉంటే, పెళ్ళయి పిల్లలు పుట్టాక పెళ్ళిచూపులకు పిలిచినట్టుంటుంది. "అమ్మాయి నచ్చిందా?" అని అడిగితే ఏం చెబుతారు?

ఆ రోజు ఎజెండాలో అరవై పైచిలుకు అంశాలున్నాయి. అధ్యక్షులు నంబరు చదువుతారు. "ఓకేనా?" అంటారు. ఎవరూ పలకరు. "పాస్" అంటారు. తరువాతి నంబరు. కొత్త మంచినీళ్ళ పైపులైను, కోట్ల రూపాయల పని, నేను కళ్ళజోడు తుడుచుకునేలోపల పాసైపోయింది. ఆ తరువాత ఒక చిన్న పార్కుకు ఎవరి పేరు పెట్టాలన్న అంశం వచ్చింది. ముప్పావు గంట! బల్లలు చరిచారు, కాగితాలు చించారు, ఒకాయన వాకౌట్ చేసి, టీ తాగి మళ్ళీ వచ్చాడు.

పార్కిన్సన్ అనే బ్రిటిష్ చరిత్రకారుడు 1957లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతే రాశాడు. కమిటీలో అణు రియాక్టరు రెండున్నర నిమిషాల్లో పాసవుతుందిట, సైకిళ్ళ షెడ్డు దగ్గర ముప్పావు గంటసేపు కొట్టుకుంటారుట. రియాక్టరు ఎవరికీ అర్థం కాదు. షెడ్డు అందరికీ అర్థమవుతుంది. ఈ సత్యం కనిపెట్టడానికి ఆయన కమిటీల దాకా వెళ్ళాడు గాని, మన ఇళ్ళలో పెళ్ళి మాటలు చూస్తే సరిపోయేది. ఒక పిల్ల బతుకంతా ఎవరితో గడపాలో అరగంటలో తేల్చేసి, పెళ్ళివారికిచ్చే టిఫినులో పూరీయా పెసరట్టా అని నాలుగు రోజులు తగాదా పడతాం కదా!

నవ్వు సంగతి అలా ఉంచండి. ఆ పైపులైను పాసైన అర నిమిషంలో అక్కడున్న సభ్యులందరూ ఏం చేశారు? ఏమీ చెయ్యలేదు. ఊరుకున్నారు. మౌనం అర్ధాంగీకారం అంటారు మన పెద్దలు. కౌన్సిల్లో మాత్రం అది పూర్ణాంగీకారం. రేపు ఆ పైపు పగిలి మురుగు కలిసి వీధికి నలుగురు పిల్లలు జ్వరాన పడితే, ఆ పాపంలో ఒక్కొక్కరి వంతు ఎంత? నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. ముప్పయిమంది సభ్యులుంటే ముప్పయ్యో వంతా? వందమందైతే నూరో వంతా? అలా అయితే సభ్యుల సంఖ్య పెంచుకుంటూ పోతే చాలు, పాపం ఆవిరైపోతుంది!

పదిమందిలో పాము చావదు అంటారు. పాము దూరితే ఒక్కడే ఉన్న ఇంట్లో అది చస్తుంది, ఎందుకంటే అతను కర్ర తీయక తప్పదు. పదిమంది ఉన్న చోట ప్రతివాడూ రెండోవాడు కొడతాడని చూస్తాడు. పాము సుఖంగా కన్నంలోకి పోతుంది. అంతా అయ్యాక "కొట్టొద్దని ఎవరూ అనలేదే" అంటే, నిజమే, ఎవరూ అనలేదు.

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. మన దేశంలో ఎక్కువమందికి తెలిసిన సభ ఒకటుంది. అందులో ఒక ఆడది నిలబడి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ధర్మరాజు తన్ను తాను ముందు ఓడిపోయాడా, నన్ను ముందు ఓడిపోయాడా అని. మహాపండితులు, వృద్ధులు, వీరులు ఉన్న సభ. ధర్మం చాలా సూక్ష్మమమ్మా, చెప్పడం కష్టం అన్నాడు భీష్ముడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే వాయిదా వేయడమైనది. తక్కినవాళ్ళు నేల చూశారు.

అప్పుడు విదురుడు ఒక లెక్క చెప్పాడు. ఎవరో తిట్టినట్టు కాదు, పద్దు రాసినట్టు చెప్పాడు. అధర్మం జరిగిన సభలో, నిందించవలసినదాన్ని నిందించకుండా ఊరుకుంటే, పాపంలో సగం సభకు పెద్ద అయినవాడికి, పావు వంతు ఆ పని చేసినవాడికి, మిగతా పావు వంతు నోరు మెదపని సభాసదులకూ చెందుతుందట. గమనించారా? చేసినవాడి వంతూ, చూస్తూ కూచున్నవాళ్ళ వంతూ సమానం! అధ్యక్షపీఠం వంతు దానికి రెట్టింపు. ఆ సభలోనే ఎవరైనా లేచి ఇది తప్పు అంటే మాత్రం, పెద్దకూ సభ్యులకూ విడుదల. పాపమంతా చేసినవాడికే పోతుంది. ప్రహ్లాదుడు సొంత కొడుకు విరోచనుడికి వ్యతిరేకంగా తీర్పు చెప్పిన కథలోది ఈ లెక్క. సొంత మనిషి తగాదాలో పక్షం లేకుండా మాట్లాడవలసి వచ్చినవాడికే దీని బరువు తెలుస్తుంది.

ఈ లెక్క చదివినప్పుడల్లా నాకో సందేహం. సభాసదుల పావు వంతును వాళ్ళందరూ మళ్ళీ తలా కాస్త పంచుకోవాలా? విదురుడు ఆ వివరం చెప్పలేదు. పంచుకోవడం కుదరదనే నాకనిపిస్తుంది. దానికి మహాభారతం దాకా పోనక్కర్లేదు, వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతే చాలు. ఇద్దరు కలిసి ఒక ప్రామిసరీ నోటు మీద సంతకం చేశారనుకోండి. అప్పిచ్చినవాడు చెరి సగం వసూలు చేసుకోవాలని లేదు. ఎవరు దొరికితే వాళ్ళ దగ్గర మొత్తం వసూలు చేసుకోవచ్చు. తోడల్లుడి చిట్టీకి హామీ సంతకం పెట్టి, ఆ చిట్టీ మొత్తం తాము కట్టుకున్న సంసారాలు మనలో ఎన్ని లేవు? "నేను ఊరికే సంతకం పెట్టానండీ" అంటే కోర్టు ఒప్పుకోదు. కౌన్సిల్లో ఎత్తిన చెయ్యి కూడా హామీ సంతకంలాంటిదే. ఎత్తకుండా ఊరుకున్న చెయ్యి అంతకంటే తక్కువేమీ కాదు.

ఇక్కడ మీలో కొందరు నన్ను ఆపి, "ఈ కౌన్సిళ్ళ గోల ఎందుకమ్మా, ఒక మంచి ఆఫీసరుని వేస్తే పనులు చకచకా జరగవూ?" అంటారని తెలుసు. మావారు కూడా అదే అన్నారు. ఆ ముచ్చటా జరిగింది. మద్రాసు కార్పొరేషను మన దేశంలో అన్నిటికంటే పాతది, 1688లో పుట్టింది. అంతటి పాత సంస్థకు 1973 నుంచి 1996 దాకా ఎన్నికైన కౌన్సిలు లేదు. ఇరవై మూడేళ్ళు! విశాఖపట్నం మహానగరానికి 2012 నుంచి 2021 దాకా లేదు. ఆ సంవత్సరాల్లో అక్కడ రోడ్లు వెయ్యలేదా అంటే, వేశారు. దీపాలు వెలగలేదా అంటే, వెలిగాయి. మరి పోయిందేమిటి?

పోయింది అడగడానికి ఒక గడప. ఆఫీసరు ఎంత మంచివాడైనా రేపు బదిలీ అయిపోతాడు. అతని ఉద్యోగం పైవాళ్ళ చేతిలో ఉంది, మన చేతిలో లేదు. వార్డు మెంబరు ఎంత పనికిమాలినవాడైనా మన వీధిలోంచే పాలకు వెళ్ళాలి. అతని భార్య మన వెనకే నిలబడి కూరగాయలు కొనాలి. "ఏమయ్యా, ఆ కాలువ సంగతేమైంది?" అని అడిగితే అతను తల గోక్కుంటాడు చూడండి, ఆ తల గోక్కోవడం పేరే స్వపరిపాలన. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక సంస్థల తీర్మానం చేసినా, 1992లో రాజ్యాంగానికి 74వ సవరణ తెచ్చి 1993 నుంచి అమల్లో పెట్టినా, అందులో ఎన్ని పెద్ద మాటలున్నా, సారం ఆ గడపే. ఐదేళ్ళకోసారి ఎన్నికలు జరగాలనీ, మూడు లక్షలూ ఆ పైన జనాభా ఉన్న ఊళ్ళలో వార్డు కమిటీలుండాలనీ ఆ సవరణలో రాశారు. గడప దగ్గరగా ఉండాలని వాళ్ళ ఉద్దేశం.

అలాగని కౌన్సిలు అనే పేరుంటే చాలదు. దానికి మన చీరాల చెప్పిన పాఠం ఉంది. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. మీ ఊరు బాగుపడుతుంది, మీ మంచికోసమే అన్నారు. అక్కడ ఎక్కువగా నేతపనివాళ్ళూ, చిన్న సంసారాలవాళ్ళూ. ఏడాదికి సుమారు నాలుగు వేల రూపాయలున్న పన్నుల భారం నలభై వేల దాకా పోయింది. మాకు మునిసిపాలిటీ వద్దు మొర్రో అన్నారు జనం. అర్జీలు పెట్టారు. పన్ను కట్టమన్నారు. జైళ్ళకు వెళ్ళారు, ఆడవాళ్ళతో సహా. చివరికి 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెనక వేలమంది పిల్లాజెల్లాతో ఊరు వదిలేసి, మునిసిపల్ హద్దు దాటి పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండకూ వానకూ ఓర్చి దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. దుగ్గిరాల జైలుపాలయ్యారు. చివరికి జనం తిరిగి ఇళ్ళకు చేరక తప్పలేదు.

పాఠ్యపుస్తకాల్లో దీన్ని స్వాతంత్ర్య పోరాటం కింద చదువుకుంటాం. నాకు మాత్రం ఆ ఖాళీ ఊరు కళ్ళకు కడుతుంది. వీధులున్నాయి, ఆఫీసుంది, రిజిస్టర్లున్నాయి, పన్నుల జాబితా ఉంది. మనుషులు లేరు. మనుషుల్ని అడక్కుండా వాళ్ళ మంచి నిర్ణయించేవారికి ఇంతకంటే గట్టి జవాబు ఎవరు చెప్పారు? "నీ మంచికోసమేనమ్మా" అన్న మాట ఎంత బరువో అత్తవారింట్లో కాపరం చేసిన ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది.

సరే, కౌన్సిళ్ళు చేసినవన్నీ చెడ్డ పనులేనా అంటే, కానే కాదు. అదే మద్రాసు కార్పొరేషను 1920లో ఒక చిన్న తీర్మానం చేసింది. అప్పుడు అధ్యక్షులు పిట్టి త్యాగరాయ చెట్టిగారు, మన తెలుగాయనే. మద్రాసులో త్యాగరాయనగర్ ఆయన పేరు మీదే ఉంది. థౌజండ్ లైట్స్ పేటలోని కార్పొరేషను బడి పిల్లలకు, తలకు రోజుకు ఒక అణా మించకుండా, టిఫిను పెట్టాలని ఆ తీర్మానం. కడుపు మాడ్చుకుని కూచునే పిల్లకు పాఠం ఎక్కదు, అసలు బడికే రాదు. ఆ మాట ఎవరో సభలో పైకి అన్నారు, తక్కినవాళ్ళు సరేనన్నారు. మధ్యలో ప్రభుత్వ అభ్యంతరంతో అది ఆగిపోయి, మళ్ళీ మొదలైంది. ఇవాళ దేశమంతా బళ్ళలో మధ్యాహ్నం పూట కంచాలు గలగలమంటుంటే, ఆ చప్పుడులో ఆ ఒక్క అణా కూడా ఉంది.

విదురుడి లెక్క పుణ్యానికి కూడా వర్తిస్తుందని నా నమ్మకం. కర్తను దాచేస్తే పాపం నుంచి తప్పించుకుంటామేమో గాని, పుణ్యం కూడా దక్కదు. "ఆమోదించడమైనది" అన్న మాటలో ఎవరికీ ఏదీ అంటదు. మరి దేనికోసం అంత ఖర్చు పెట్టి, జెండాలు కట్టి, గెలిచినట్టు?

ఇంతకంటే కష్టమైన సంగతి ఇంకొకటుంది. ఒక్కోసారి చెడ్డ నిర్ణయం అంటూ ఏదీ ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ లాంటి పేటలు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. వాన ఎక్కువ పడింది, గట్లు తెగాయి, నిజమే. ఆ నీళ్ళు పోవలసిన దారిలో ఇళ్ళు లేచి ఉండడమూ నిజమే. ఆ ఇళ్ళు ఒక్క రోజులో లేవలేదు. "బుడమేరు దారి మూసేద్దాం" అని ఏ సభలోనూ ఎవరూ తీర్మానం పెట్టి ఉండరు. ఎన్నో ఏళ్ళు, ఎన్నో బల్లలు. ఒక చోట ఒక ప్లాను, ఇంకో చోట ఒక లేఔటు, మరో చోట చూసీ చూడనట్టు ఊరుకోవడం. తలో కాగితం చూస్తే అన్నీ చిన్నవే. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం! నేను ఏ ఒక్క ఆఫీసునీ వేలెత్తి చూపడంలేదు. వేలెత్తి చూపడానికి ఒక్క ఆఫీసు దొరక్కపోవడమే నా బాధ. మంచం మీద మంచం వేసుకుని పిల్లల్ని పైన కూచోబెట్టుకున్న తల్లి ఎవరిని అడగాలి?

అంచేత నేననేది, నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది రెండో ప్రశ్న. ఇది నాది అనేవాళ్ళు ఉన్నారా లేరా అన్నది మొదటి ప్రశ్న.

నాకు తెలిసిన ఒకావిడ ఉంది. ఊరూ పేరూ చెప్పను. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పట్టణ సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్ళవి కదా, ఆ లెక్కలో నిలబడి గెలిచింది. నామినేషను నింపింది భర్త. దండలు వేయించుకున్నది భర్త. మొదటి ఏడాది సభకు వచ్చి, చెప్పిన చోట సంతకం పెట్టి, జీడిపప్పు ప్లేటు ఇంటికి పట్టుకుపోయేది. జనం నవ్వేవాళ్ళు. రెండో ఏడు ఒక అంశం వచ్చింది. చెరువుగట్టు వెంబడి షాపులు కట్టి అద్దెకిస్తే మునిసిపాలిటీకి ఆదాయం వస్తుందని. అధ్యక్షులు "ఓకేనా?" అన్నారు. ఈవిడ లేచి, "మరి వానాకాలం చెరువులోకి నీళ్ళు ఏ దారిన వస్తాయండీ?" అంది.

అంతే ప్రశ్న. సభ ఒక్క క్షణం ఆగిపోయిందిట. ఆ గట్టు కింద ఆవిడ పుట్టిల్లు ఉంది. ఏ మూల నుంచి నీళ్ళు దిగుతాయో చిన్నప్పట్నుంచీ చూసింది. ఇంజనీరుగారు ఏదో సర్దిచెప్పారు. పార్టీవాళ్ళు కొంగు లాగినంత పనిచేశారు. ఆవిడ కూర్చోలేదు. "నేను ఒప్పుకోవడంలేదని పుస్తకంలో రాయండి" అంది. రాయక తప్పింది కాదు. ఓట్లలో ఓడిపోయింది. షాపులు వచ్చాయి. మరుసటి ఎన్నికల్లో ఆవిడకు టిక్కెట్టు రాలేదు.

"ఏం లాభం వదినా, అంత చేసి?" అని అడిగాను నేను. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుకుంటూ, "లాభమేముంటుందమ్మా! ఎప్పుడైనా మా మనవరాలు ఆ పుస్తకం తీసి చూస్తే, మా నాయనమ్మ వద్దంది అని ఉంటుంది కదా" అంది.

నేను చదివిన బి.ఏ. లో ఆ వాక్యం లేదు. కురుసభలో కూడా ఒకడు లేచాడు, గుర్తుందా? దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు. ద్రౌపది ఓడిపోలేదు అన్నాడు. చిన్నవాడివి నోరు మూసుకోమన్నాడు కర్ణుడు. వికర్ణుడు ఓడిపోయాడు. అన్నల పక్షానే యుద్ధం చేసి, భీముడి చేతిలో చచ్చిపోయాడు. అతని మాట ద్రౌపదిని కాపాడలేదు. అయినా నూరుగురు కౌరవుల్లో మనకు పేర్లు తెలిసినవాళ్ళు ఎంతమంది? దుర్యోధనుడు, దుశ్శాసనుడు, వికర్ణుడు. మిగతా తొంభై ఏడుగురూ "ఆమోదించడమైనది"లో కలిసిపోయారు.

ఒప్పుకోనని చెప్పడం గెలవడానికి మాత్రమే కాదు. సభలో ఒక్క గొంతు కాదన్నా సరే, అవునన్నవాళ్ళకు కూడా పేర్లు వచ్చేస్తాయి. చర్చ పెట్టక తప్పదు, చేతులు లెక్కపెట్టక తప్పదు, ఎవరు ఎటో రాయక తప్పదు. అంటే కర్త మళ్ళీ వాక్యంలోకి వస్తాడు. ఏకగ్రీవం అని మురిసిపోతాం గాని, అందరూ ఆలోచించి ఏకమవడం వేరు, ఎవరూ ఆలోచించకపోవడం వల్ల ఏకమవడం వేరు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. విదురుడి లెక్కలో సభ బయట ఉన్నవాళ్ళకు వంతు రాయలేదు, ఎందుకంటే ఆ సభను ప్రజలు ఎన్నుకోలేదు. ఈ సభను మనం ఎన్నుకున్నాం. లేదా, ఓటు వేసే రోజు సెలవు కదా అని సినిమాకు పోయి, ఎన్నుకోకుండా ఊరుకున్నాం. ఐదేళ్ళు "రోడ్డెప్పుడు వేస్తారు? కుళాయి ఎప్పుడిస్తారు?" అని మాత్రమే అడుగుతాం. అవి అడగవలసినవే. కాని ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. "మొన్న సభలో ఫలానా అంశం వచ్చిందిట కదా, దానిమీద మీరేమన్నారు?" అని. ఈ ప్రశ్న అడగడానికి పైసా ఖర్చు లేదు. చదువక్కర్లేదు. పార్టీ అక్కర్లేదు. పాలవాడి దగ్గర, గుళ్ళో, పెళ్ళి పందిట్లో ఎక్కడైనా అడగొచ్చు. పది ఇళ్ళవాళ్ళు అడిగితే చాలు, వచ్చే సమావేశానికి ఎజెండా చదువుకుని వెళ్ళక తప్పదు.

మా చెత్తకుప్ప ఇంకా అక్కడే ఉంది. "తగు చర్య" ఏ బల్ల మీద నిద్రపోతోందో కనుక్కునే పనిలో మా వీధి ఆడవాళ్ళం ఉన్నాం. ఈసారి అర్జీలో ఒక వాక్యం కొత్తగా చేర్చాం. "ఈ విషయంలో ఎవరు ఏమి నిర్ణయించారో పేరుతో సహా తెలియజేయగోరుతున్నాము." కింద అందరం ఎవరి పేరు వాళ్ళం వరసగా, గుండ్రంగా రాసి సంతకాలు పెట్టాం. "అర్జీ సమర్పించడమైనది" అని మాత్రం రాయలేదు. "మేము ఇస్తున్నాము" అనే రాశాం.